ఎర్రోడి చెవులు

వంశధార ఒడ్డున ఉన్న సూరమ్మగారి ఆశ్రమానికి కూర్మారావు వచ్చి ఏడాది దాటింది. అంతకుముందు ముప్పై ఏళ్లు పశువుల డాక్టరుగా చేశాడు. భార్య పోయాక దేనిమీదా మనసు నిలవక, మిగిలిన బతుకంతా ధ్యానానికేనని అన్నీ వదిలి వచ్చేశాడు.

కానీ ఈమధ్య ఆ ధ్యానమే కుదరడం లేదు. తెల్లవారుజామున కళ్లు మూసుకోగానే ఆశ్రమం కుక్క ఎర్రోడు తల విదిలించేది. చెవులు టపటపా కొట్టుకునేవి. కాసేపాగి వెనక్కాలితో చెవి బరబరా గోక్కునేది. మళ్లీ టపటప.

పదిరోజులు ఓర్చుకున్నాడు. పదకొండో రోజు సూరమ్మగారి దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, దాన్ని కాస్త దూరంగా కట్టేయించండి. మనసు నిలవనివ్వడం లేదు."

"పాపం, దానికి ఏటయిందో?"

"చెవిలో ఏదో చేరి ఉంటుంది. నేనవన్నీ వదిలేశానమ్మా." ఆ మాట కొంచెం గర్వంగానే అన్నాడు.



మర్నాడు అతను కళ్లు తెరిచేసరికి, ఎదురుగా వసారాలో ఎనభై ఏళ్ల సూరమ్మగారు కుక్క తలని మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చుని ఉంది. పక్కన నూనెగిన్నె. వణికే చేతిలో చీపురుపుల్ల, దాని కొసకి చుట్టిన దూది. పుల్ల చెవిలోకి దిగబోతోంది.

"అమ్మా, వద్దు!" ఒక్క గెంతులో వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "పుల్ల లోపలికి పోతే కర్ణభేరికి చిల్లు పడుతుంది."

"నాకేటి తెలుసు బాబూ? తెలిసినోళ్లు ఇక్కడెవరున్నారు?"

కూర్మారావు తల దించుకున్నాడు. కింద చతికిలబడి, కుక్కని ఒళ్లోకి తీసుకున్నాడు.

చెవి మడత తిప్పి చూస్తే లోపలంతా కాఫీపొడిలాంటి నల్లటి మురికి. ముక్కు అదిరే వాసన. కొంచెం దూదితో తీసి నల్లగుడ్డ మీద దులిపి, ఆవిడ చదువుకునే భూతద్దం దాని మీద పెట్టాడు. తెల్లటి చుక్కలు మెల్లగా కదులుతున్నాయి.

"చూడండమ్మా, ఈ పురుగులే. ఎన్నాళ్లుగా తినేస్తున్నాయో." పదిరోజులుగా ఆ చప్పుడు విన్నది తనే.

ఆ పూటే బస్సెక్కి హిరమండలం వెళ్లి చెవిలో వేసే చుక్కల మందు తెచ్చాడు. గోరువెచ్చటి నూనెతో మురికిని నాననిచ్చి, పైకి వచ్చినంత వరకే మెత్తటి గుడ్డతో తుడిచి, మందు వేశాడు.

వారం తిరిగేసరికి ఎర్రోడు గోక్కోవడం తగ్గించింది.

"తగ్గిపోనాది గదా. ఇంక పోయి ధ్యానం చేసుకో" అంది సూరమ్మగారు.

"ఇప్పుడే ఆపకూడదమ్మా. పురుగులు చచ్చినా గుడ్లుంటాయి. అవి పగిలి పిల్లలైతే కథ మళ్లీ మొదటికొస్తుంది. మూడు వారాలైనా చూసుకోవాలి. మన పిల్లికీ మందు వెయ్యాలి. రెండూ ఒకే గోనెపట్టా మీద పడుకుంటాయి, దీన్నుంచి దానికి అంటుకుంటుంది. ఆ పట్టా కూడా ఉడకబెట్టాలి."

ఆవిడ చేతులు కట్టుకుని, పాఠం వింటున్నట్టు విన్నది. వెళ్లి పట్టా తనే ఉడకబెట్టింది.

పిల్లి అతణ్ణి రెండుసార్లు రక్కింది. రెండోసారి కూర్మారావు పకపకా నవ్వేశాడు. భార్య పోయాక అతను అలా నవ్వడం అదే మొదలు.

మూడు వారాలూ గడిచాయి. ఒక తెల్లవారుజామున అతను కూర్చోగానే ఎర్రోడు వచ్చి, మడిచిన కాలి మీద తల ఆనించి నిద్రపోయింది. కాలు తిమ్మిరెక్కినా అతను కదల్లేదు. కళ్లు తెరిచేసరికి ఎండ వసారాలోకి వచ్చేసింది. చెంపలు తడిగా ఉన్నాయి.

మెల్లగా లేచి వెళ్లి సూరమ్మగారి పాదాలు పట్టుకున్నాడు.

గేటు దగ్గర పక్కూరి ఆడమనిషొకామె, కాలు విరిగిన మేకపిల్లని చంకనెత్తుకుని నిలబడి ఉంది.

"లే, డాక్టరుబాబూ" అంది సూరమ్మగారు. "నీకోసం ఎవరో వచ్చారు."