ఉడుము ఊడ్చిన ఇసుక

ఎర్రరాతి లోయలో ఏరు ఎండిపోయి చాలా కాలమైంది. అది వదిలేసిన పనిని గాలి అందుకుంది. ఇసుకను ఎత్తి రాళ్ల మొదళ్లకు కొట్టి కొట్టి, కిందున్న మెత్తని రాయిని అరగదీసేది. పైనున్న గట్టి రాయి మాత్రం మిగిలేది. అలా తయారైందే గొడుగుబండ. దాని నీడలో, గుడ్లు తినడం ఎప్పుడో మానేసిన ఒక ముసలి ఉడుము కాపురం.

ఆ లోయ జీవాలకు ఒక ఆచారం ఉంది. ఏ బండ కింద గూడు పెట్టాలన్నా ముందు దాని మొదలు దగ్గర రాలిన ఇసుక చూస్తాయి. ఎక్కువ రాలితే ఆ చోటు వదిలేస్తాయి. ఉడుముకి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే తెల్లవారగానే రాలిన ఇసుకంతా తోకతో ఊడ్చి ఏట్లోకి తోసేసేది. ఒంటరిగా బతికి విసిగిన ప్రాణం పాపం, పక్కన ఒక పలకరింపు ఉంటే చాలనుకుంది.

ఒకరోజు కౌజుపిట్ట వచ్చింది. "మామా, గుడ్లు పెట్టే కాలమొచ్చింది. ఈ బండ గట్టిదేనా?"

"నువ్వే చూడు తల్లీ. ఒక్క రేణువన్నా ఉండాదా?" అంది ఉడుము.

అటుగా పోతున్న నక్క ఆగింది. "కింద కాదమ్మా, బండ నడుము చూడు. పోయినేటికి ఈ ఏటికి సగమైంది."

"నీ మాట వింటే నా గుడ్లు యాడికి పోతాయో నాకు తెలుసులే," అంది కౌజు. ఉడుము పడీపడీ నవ్వింది. నక్క జన్మలో ఒక్కసారి నిజం చెప్పి, నవ్వులపాలై వెళ్లిపోయింది.

కౌజు ఏడు గుడ్లు పెట్టింది. ఉడుముకి ఇల్లు నిండినట్టయింది. నక్క మాట గుర్తొచ్చి ఒకటి రెండుసార్లు నిజం చెప్పేద్దామనుకుంది. పిల్లలు లేచాక చెబుదాంలే అని మళ్లీ ఊడవడంలో పడింది.

తొలివాన పడి వెలిసిన ఉదయం కౌజు మేతకూ, ఉడుము ఎండకూ బయటికి వచ్చాయి. తడిసిన మొదలు పైబరువు మోయలేక, వాటి వెనకే గొడుగుబండ గుడ్ల మీద కూలింది.

దుమ్ము అణిగాక కౌజు ఆ రాళ్ల చుట్టూ చాలాసేపు తిరిగింది. "మామా, ఇసుక రాలలేదంటివే," అంది.

"రాలింది తల్లీ. నేనే ఊడ్చినా."

"ఎంత రాలింది?"

ఉడుము తన తోక వంక చూసుకుంది. ఇన్నేళ్లూ చూడకుండానే ఊడ్చింది మరి. కౌజు ఒక్క మాటా తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఉడుముకి. కౌజు అవతలి గట్టుకు ఎగిరిపోయింది, మళ్లీ రాలేదు.

లోపాన్ని దాచి పిలిస్తే, అది మనల్ని నమ్మి వచ్చినవాళ్ల మీదే కూలుతుంది.