గాటమ్మ ఎడమ కన్ను

రాళ్లవాగు ఒడ్డున, చింతతోపు దాటగానే కనబడే చిన్న గుడిలో కొలువైన అమ్మవారిని గాటమ్మ అంటారు. నల్లరాతి విగ్రహానికి ఎడమ కంటి మీదుగా చెంప దాకా లోతైన గాటు ఉంటుంది. విగ్రహం దెబ్బతిన్నదేమోనని కొత్త భక్తులు నొచ్చుకుంటారు గానీ, ఆ గాటును శిల్పి కావాలనే చెక్కాడు.

పూర్వం ఇక్కడి మూలవిగ్రహం వాగు వరదలో కొట్టుకుపోయింది. కొత్త విగ్రహానికి రాయి వచ్చింది, శిల్పీ వచ్చాడు. అమ్మ ముఖం ఎలా ఉండేదంటే మాత్రం ఒకరు చెప్పింది ఇంకొకరు కాదన్నారు. ఊరి పెద్దల తగవు తేలేదాకా శిల్పి ఉలి పక్కన పెట్టి కూర్చున్నాడు.

ఆ రోజుల్లోనే గొర్రెలు కాచుకునే సిద్దమ్మకు దొడ్డి చదును చేస్తుండగా మట్టి పట్టిన నాణెం దొరికింది. వెనకటి పాళెగాడు అమ్మ ముఖంతో వెండి నాణేలు వేయించాడని ఆమె తన అవ్వ నోట విన్నది. దానిని కొంగున కట్టుకుని షరాబు గవరయ్య దగ్గరకు పరుగెత్తింది. నాణెం మంచిదో చెడ్డదో తేల్చి వెల కట్టడం ఆయన వృత్తి. సంతల్లో ఆయన మాటకు తిరుగులేదు. ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు.

“సామీ, ఇది మా అమ్మ మొగమేనేమో సూసి సెప్పు,” అన్నది సిద్దమ్మ.

గవరయ్య సగమే విన్నాడు. ఆ ఏడాది సంతల నిండా సీసం మీద వెండి పూసిన దొంగ నాణేలే. ఏది చేతికొచ్చినా ముందు ఉలితో గాటు పెట్టి లోపలి లోహం చూడటం ఆయనకు అలవాటైపోయింది. మట్టి అయినా తుడవకుండా దాగలి అనే ఇనుప దిమ్మ మీద పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. గాటు తెల్లగా మెరిసింది.

“మేలిమి వెండి. దిగులు పడకు,” అన్నాడు.

“మొగం సామీ?”

అప్పుడు తుడిచాడు. ముక్కుపుడక, కుడి కన్ను, పెదవుల మీది నవ్వు తేటగా ఉన్నాయి. ఎడమ కన్ను ఉండవలసిన చోట తన గాటు ఉంది.

“ఇట్లాంటిది ఇంగోటి యాడన్నా ఉంటాదా?” అని అడిగింది సిద్దమ్మ.

గవరయ్య తిరగని సంత లేదు. ఇంకొకటి దొరకలేదు. అన్నం సయించలేదు, తన చేతిని చూసుకుంటే తనకే రోత పుట్టింది. నాణెం మీది ముఖమే అమ్మదని పెద్దలు ఒప్పుకున్నాక, కుడి కంటిని చూసి ఎడమ కన్ను చెక్కేస్తానని శిల్పి అన్నప్పుడు మాత్రం ఆయన ప్రాణం కాస్త కుదుటపడింది. తన తప్పు రాతిలో కలిసిపోతుందనుకున్నాడు.

ఆ మర్నాడు తెల్లవారుజామున అమ్మ ఆయన కలలో కనబడి, “నీవు చెరిపినదానిని ఊహించి పూరించవద్దు. మిగిలినది మిగిలినట్టే చెక్కించు,” అని ఆనతిచ్చింది. గవరయ్య ఊరందరి ముందూ శిల్పికి ఆ మాట చెప్పి, తలవంచుకుని నిలబడ్డాడు.

ఆ నాణెం నేటికీ గర్భగుడిలో ఉంది. నాణేలు సేకరించేవారు వచ్చి చూసి, ఈ గాటే లేకపోతే వెల కట్టడం తమ తరం కాదని నిట్టూరుస్తారు. పాత నాణెం అమ్మదలచినవారు దానిని తోమకుండా, గీయకుండా తెచ్చి అమ్మ పాదాల వద్ద ఉంచి, రెండు వైపులా తీరిగ్గా చూసుకున్నాకే వెల అడుగుతారు. తొందరపాటు వల్ల కలిగే నష్టం నుండి అమ్మ కాపాడుతుందని నమ్మకం. చాలామంది నాణెం అమ్మకుండానే ఇంటికి తీసుకుపోతారు.

తిరునాళ్ల నాడు అమ్మకు కాటుక పెట్టే సేవ గవరయ్య వంశానిదే. కుడి కంటికి దిద్ది, వేలు ఎడమవైపు తీసుకువెళ్లి, గాటు దగ్గర ఆపి, దండం పెట్టి వెనక్కి తగ్గుతారు. బతికున్నన్నాళ్లూ గవరయ్య అలాగే చేశాడు.