ముత్తెమ్మ గేదె కొండచిలువ పిల్లను పెంచిన కథ

రండమ్మా, రండి నాయనా, ఇంకాస్త ముందుకు జరగండి. ఆ గోడకు చేరగిలబడ్డ పెద్దాయనా, అక్కడ కూర్చుంటే నిద్రొస్తుంది, ఇటు రండి. పిల్లలు నా కాళ్ళ దగ్గర కూర్చోండి. ఒక్కసారి అందరూ కళ్ళు మూసుకుని, ఏనుగుకూ చీమకూ ఒకే చేత్తో ప్రాణం పోసిన ఆ స్వామిని తలుచుకోండి. తలుచుకున్నారా? సరే, వినండి.

చెరకు తోటల మధ్య ఒక బెల్లం పాక ఉండేది. పాకలో బెల్లం వండే పెద్ద ఇటుకల పొయ్యి. పొయ్యికి ఒక పక్క గొడ్ల కొట్టం, ఇంకో పక్క కోళ్ళ గంపలు. కొట్టంలో ముత్తెమ్మ అనే గేదె ఉండేది. మనసు వెన్న. ఎవరికైనా ఏదో ఒకటి చేసిపెట్టకపోతే ఆవిడకు పొద్దుపోయేది కాదు.

పుష్యమాసపు చలిలో ఒకరోజు మేతకు వెళ్ళిన ముత్తెమ్మకు గట్టు మీద చిల్లుల అట్టపెట్టె ఒకటి కనిపించింది. ఎవరో సరదాపడి దూరదేశం నుంచి తెప్పించుకుని, పెంచడం చేతకాక వదిలేసిపోయారు. లోపల జానెడున్నర కొండచిలువ పిల్ల. మన అడవుల్లో మేకను మింగే జాతి కాదండోయ్. ఎంత ఎదిగినా నాలుగు మూరలు దాటదు. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది, అంతే దాని పౌరుషం.

"అయ్యో నా తండ్రీ! కాళ్ళూ లేవు, చేతులూ లేవు, కన్నవాళ్ళూ లేరు" అని ముత్తెమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బంతి అని పేరు పెట్టి, పెట్టెను నోట కరుచుకుని ఇంటికి తెచ్చింది.

పాకలో పెద్ద గోల. ఎర్రకోడి రంగమ్మ రెక్కలు విదిలించుకుంటూ వచ్చింది.

"వదినా, నీకు మతిపోయిందా? పామును తెచ్చి కోళ్ళ మధ్య పెడతావా?"

"పాము కాదే, బిడ్డ."

"పాము బిడ్డ పామే కదా! నువ్వంటే కొండంత ఉన్నావు, నిన్ను మింగలేడు. నా పిల్లలు గుప్పెడేసి ఉన్నారు."

"వాడు నీ పిల్లల జోలికొస్తే నన్నడుగు. నాకు వచ్చినట్టు పెంచుతాను, చూడు."

అక్కడే వచ్చింది చిక్కు. ఆవిడకు వచ్చినట్టు పెంచింది.

గేదెకు సుఖమంటే ఏమిటి? బురద గుంట. అందుకని ఆ చలిలో రోజూ మధ్యాహ్నం బంతిని గుంటలోకి తీసుకెళ్ళి మెడదాకా ముంచేది. వాడికి మెడ ఎక్కడిదాకానో తెలియక మొత్తం ముంచేసేది. గేదెకు ముద్దంటే ఏమిటి? నాకడం. తలనుంచి తోకదాకా గరగరలాడే నాలుకతో పూటకు నాలుగుసార్లు నాకేది. తిండి సంగతి చెప్పనే అక్కర్లేదు. గంటసేపు నెమరేసి మెత్తబరచిన పచ్చగడ్డి ముద్ద వాడి ముక్కు ముందు పెట్టి, "ఆ అను నాన్నా, ఆ!" అని కూర్చునేది. నవ్వకండి, మీలో ఎంతమంది పక్కింటి పిల్లాడి నోట్లో అలా ముద్దలు కుక్కలేదూ?

పైగా కొత్త బిడ్డను చూడ్డానికి రావడం మర్యాద కదా. మేకలు వచ్చాయి, బాతులు వచ్చాయి. ఒకరి ఒళ్ళోంచి ఇంకొకరి ఒళ్ళోకి బంతిని మార్చారు. రోజంతా వాడు చుట్టుకునే ఉన్నాడు. "ఎంత ఒద్దికైన పిల్లాడో!" అని అందరూ మెచ్చుకున్నారు.

పన్నెండు రోజులు గడిచాయి. బంతి ఒక్క ముద్ద ముట్టలేదు. ఒంటి నిగనిగ పోయింది. పదమూడో రోజు పొద్దున్న చూస్తే కళ్ళు రెండూ పాలు పోసినట్టు తెల్లబడ్డాయి.

"ఓరి దేవుడో! బిడ్డకు చూపు పోయింది! ప్రాణం కూడా పోయేట్టుంది!" అని ముత్తెమ్మ పెట్టిన కేకకు తోటలో పిట్టలన్నీ లేచిపోయాయి.

ఆ కేక విన్నవాళ్ళలో జంబులింగం కూడా ఉన్నాడు. నక్క. నుదుట అడ్డంగా బూడిద, మెడలో వేపకాయల దండ, తానే పెద్ద వైద్యుణ్ణని చెప్పుకోవడం. బూడిద పెట్టుకున్న ప్రతివాడూ భక్తుడు కాదు నాయనా. నేనూ పెట్టుకుంటాను కాబట్టి చెబుతున్నాను.

"తల్లీ, ఏడవకు. నేనున్నాను" అంటూ వచ్చి, బంతి తోక పట్టుకుని నాడి చూశాడు. "దిష్టి. మామూలు దిష్టి కాదు, కోళ్ళ దిష్టి."

"మా దిష్టా?" అంది రంగమ్మ.

"నువ్వు ఊరుకో. చూడు తల్లీ, అమావాస్యనాడు మధ్యాహ్నం నేనొచ్చి మంత్రం వేస్తాను. కోళ్ళన్నిటినీ గంపల కింద కప్పిపెట్టు. గంపకొకటి. పాకలో ఇంకెవరూ ఉండకూడదు. నువ్వూ బయటే ఉండాలి. లోపల ఎంత అరుపు వినబడ్డా రాకూడదు. దిష్టి దిగేటప్పుడు కోళ్ళు కాస్త అరుస్తాయి."

అమావాస్యనాడు బెల్లం వండరు, పాకలో మనుషులుండరు. ఆ సంగతి జంబులింగానికి బాగా తెలుసు.

"అమావాస్య ఇంకా పది రోజులుంది. అప్పటిదాకా బతుకుతాడా?"

"ఈ తాయెత్తు కట్టు."

"మెడ ఎక్కడండీ వీడికి?"

"ఒళ్ళంతా మెడేగా! ఎక్కడ కట్టినా ఒకటే."

వైద్యుడు వెళ్ళిపోయాడు. తాయెత్తు కడితే జారిపోయింది. మళ్ళీ కట్టింది, మళ్ళీ జారింది. ముత్తెమ్మ చేష్టలుడిగి చూస్తుంటే, పొయ్యి గోడ మీద సోమయ్య కనిపించాడు.

సోమయ్య తొండ. పొద్దస్తమానం వెచ్చటి ఇటుకల మీద కూర్చుని తల ఆడిస్తూ ఉంటాడు. ఎవరేమన్నా తల ఆడిస్తాడు కాబట్టి అతణ్ణి ఎవరూ ఏమీ అడగరు. ముత్తెమ్మ మాత్రం ఆ పూట ఆ గోడ దగ్గరకు నడిచి, కొమ్ములు దించి నిలబడింది.

"సోమయ్య మామా, నేను ఎనిమిది దూడల్ని సాకాను. వీడి దగ్గర నాకేమీ తెలియడం లేదు. నీ ఒళ్ళూ వాడి ఒళ్ళూ ఒక తీరుగా ఉన్నాయి. నువ్వు చెప్పు."

సోమయ్య తల ఆడించడం ఆపేశాడు. అతణ్ణి ఒకరు అడగడం అదే మొదలు.

"ముందు నువ్వేం చేశావో చెప్పు."

ముత్తెమ్మ చెప్పింది. గుంట, నాలుక, గడ్డి, చుట్టాలు. వింటూ వింటూ సోమయ్య గోడ మీంచి జారిపడబోయాడు.

"అమ్మాయీ, నీ ఒంట్లో పొయ్యి ఉంది, నీకు చన్నీళ్ళు హాయి. దేవుడు మాకు ఆ పొయ్యి ఇవ్వలేదు. వెచ్చదనం బయటినుంచి తెచ్చుకోవాలి. అందుకే గదా నేను ఈ గోడను వదలను. చల్లగా ఉంటే తిన్నది అరగదు, అరగదని తెలిసి వాడు తినడు."

"మరి ఆ కళ్ళు?"

"కుబుసం విడిచే ముందు కళ్ళు అలాగే మసకేస్తాయి. వాడికి చూపూ పోలేదు, ప్రాణమూ పోదు. చుట్టుకుపోయాడంటే ఒద్దిక కాదు, భయం. వాడి తల మీద ఒక చీకటి గూడు ఉండాలి. ఈ గోడ పక్కన పెద్ద గంప బోర్లించు. ఒక అంచు పొయ్యికి తగలాలి, రెండో అంచు దూరంగా చల్లగా ఉండాలి. ఎటు కావాలంటే అటు వాడే జరుగుతాడు. లోపల ఒక చిప్పలో నీళ్ళు, ఒక మూల తడి గోనె ముక్క. తర్వాత..."

"తర్వాత?"

"ముట్టుకోకు."

"నాలుకతో నాకకూడదా?"

"నాకకూడదు."

"పోనీ తిండి?"

"కుబుసం విడిచాక ఒక చిట్టెలుక. మళ్ళీ వారానికి ఇంకొకటి."

"వారానికా!" ముత్తెమ్మ నోట్లో నెమరు ఆగిపోయింది. "వారానికి ఒక్కసారి తింటే మిగతా రోజులు ఏం చేస్తాడు మామా?"

"అరిగించుకుంటాడు. ఇంకో సంగతి. వైద్యం పాము పిల్లకైతే కోళ్ళను కప్పడం దేనికి?"

దూలం మీదినుంచి రంగమ్మ, "నేనూ అదే అడుగుదామనుకుంటున్నా!" అంది.

ఆ రోజే గంప బోర్లించారు. ముత్తెమ్మకు అవి మహా కష్టమైన రోజులు. వాణ్ణి నాకాలని నాలుక పీకేది. గంప దగ్గరకు వెళ్ళేది, వెనక్కి వచ్చేది. "ఒక్కసారి ఎత్తి చూస్తానే" అంటే రంగమ్మ, "సోమయ్య మామను పిలవమంటావా?" అని బెదిరించేది. తొమ్మిదో రోజు గంప అంచు కిందనుంచి పల్చటి కుబుసం, చెక్కు చెదరని పొడవాటి తొడుగులా బయటికొచ్చింది. లోపల రెండు కళ్ళు నల్లద్రాక్షల్లా మెరుస్తున్నాయి.

మర్నాడు అమావాస్య. ముత్తెమ్మ వైద్యుడు చెప్పినట్టే పాక ఖాళీ చేయించింది. గంపలన్నీ వరసగా బోర్లించింది. కోళ్ళను మాత్రం రంగమ్మ ముందే దూలం ఎక్కించింది. సోమయ్య గోడ మీద ఉన్నాడు, కానీ తొండను ఎవరు లెక్కచేస్తారు?

జంబులింగం వచ్చాడు. అటూ ఇటూ చూసి వేపకాయల దండ తీసి పక్కన పెట్టాడు. తినేటప్పుడు అడ్డం కదా. మొదటి గంప ఎత్తాడు, ఖాళీ. రెండోది ఖాళీ. పొయ్యి పక్కన పెద్ద గంప ఉంది. "అందరూ వెచ్చగా ఇక్కడ చేరారన్నమాట" అనుకుని, అంచు కొద్దిగా ఎత్తి ముక్కు లోపలికి దూర్చాడు.

పాపం బంతి ఏం చేస్తాడు? మూడు వారాల ఆకలి. చీకట్లోకి వెచ్చగా, తడిగా, ఊపిరి పీలుస్తూ ఏదో వచ్చింది. ఎలుకే అనుకున్నాడు. పట్టుకుని రెండు చుట్లు చుట్టేశాడు.

"మ్మ్మ్!" అని గంపతో సహా గెంతాడు జంబులింగం. మూతి తెరుచుకోదు. అరుపు ముక్కులోంచే రావాలి.

గుమ్మంలో ముత్తెమ్మ. "వైద్యుడుగారూ, దిష్టి దిగుతోందాండీ?"

"మ్మ్మ్! మ్మ్!"

"కదలకు!" అన్నాడు సోమయ్య గోడ మీంచి. "నువ్వు కదిలినకొద్దీ వాడు బిగిస్తాడు. రాయిలా నిలబడు. మింగడానికి పనికిరావని తెలిస్తే వాడే వదిలేస్తాడు."

వైద్యుడు రాయిలా నిలబడ్డాడు. దూలం మీద కోళ్ళన్నీ బారులు తీరి చూశాయి.

"కోళ్ళకోసమే వచ్చావా? అవునైతే ఒకసారి కళ్ళు మూసి తెరువు" అంది రంగమ్మ.

జంబులింగం ఒకసారి కళ్ళు మూసి తెరిచాడు.

"మళ్ళీ వస్తావా? రాకపోతే రెండుసార్లు."

రెండుసార్లేమిటి, ఆరుసార్లు మూశాడు. చాలాసేపటికి బంతికి, ఇది మింగుడుపడే తిండి కాదని అర్థమైంది. మెల్లగా చుట్లు విప్పి గోడ పక్కకు జారిపోయాడు. వైద్యుడు దండ కూడా తీసుకోకుండా చెరకులో పడి పారిపోయాడు.

ముత్తెమ్మ బంతిమీద మళ్ళీ గంప కప్పుతూ, "చలేస్తోందనీ, భయమేస్తోందనీ ఒక్కమాట చెప్పొచ్చు కదరా నాన్నా" అంది.

గంప కిందనుంచి సన్నటి గొంతు వచ్చింది. "నువ్వు అంత ప్రేమగా ముంచుతుంటే ఎలా చెప్పను పెద్దమ్మా?"

ముత్తెమ్మ గంప మీదికి వంగింది. నాలుక బయటికొచ్చింది గానీ, మళ్ళీ లోపలికి తీసుకుంది.

మర్నాడు పొద్దున్నే బంతి తన మొదటి చిట్టెలుకను తానే పట్టి తిన్నాడు. వార్త తెలిసి మేకలూ బాతులూ పరామర్శకు వస్తే రంగమ్మ రెక్కలు చాపి అడ్డం నిలబడింది. "తిన్నాక రెండు రోజులు ఎవరూ ముట్టుకోకూడదు. ఎల్లుండి రండి. వచ్చినా దూరంనుంచే చూడాలి!"

అదండీ కథ. ప్రేమంటే మనకు ఇష్టమైంది పెట్టడం కాదు, ఎదుటి ప్రాణికి ఏది కావాలో తెలుసుకుని పెట్టడం.

లేవకండి, ఒక్క మాట. ముత్తెమ్మ చాలా పనులు చేసింది. అందులో ఒక్కటే గుర్తుపెట్టుకోండి. అంత పెద్ద గేదె కొమ్ములు దించి, వేలెడంత తొండ ముందు నిలబడి, "నాకు తెలియడం లేదు, నువ్వు చెప్పు" అని అడిగింది చూశారా, అది. మీ ఇంటికి కుక్కపిల్ల వచ్చినా, పాము పిల్ల వచ్చినా, కొత్త కోడలే వచ్చినా, ఆ ఒక్క పని మీరూ చేయండి. చేసి చూసి, ఇంకొకరికి చెప్పండి.