కాకి ముద్ద, బూచాడి విస్తరి

అనగనగా అనేంత పాత సంగతి కాదిది. మొన్న శనివారం లంకపాలెంలో జరిగింది. లంకపాలెంలో భద్రయ్యగారి ఇంటిని మించిన తెలివైన ఇల్లు లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనరు, భద్రయ్యగారి ఇంట్లోవాళ్ళే రోజుకోసారి అనుకుంటారు. ఊళ్ళోవాళ్ళకి ఒకటి చెప్తే ఒకటి చేస్తారనీ, తాము మాత్రం చెప్పింది చెప్పినట్టు, అక్షరం పొల్లు పోకుండా చేస్తామనీ వాళ్ళ గొప్ప. ఆమధ్య పక్కింటి సుభద్రమ్మ కాఫీకి పిలిచి, మొహమాటపడకండి, మీ ఇల్లే అనుకోండి అంది. భద్రయ్యగారి కొడుకు నాగేశం అలాగే అనుకున్నాడు. కాఫీ తాగి, బయటికొస్తూ వీధి తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చేశాడు. పాపం సుభద్రమ్మ సాయంత్రం దాకా కిటికీలోంచి కేకలేస్తూనే ఉంది.

ఆ నాగేశం భార్య వరాలు. పుట్టింటి తెలివి కొంత, అత్తింటి తెలివి కొంత కలిసి ఆవిడ దగ్గర కాస్త ఎక్కువే పోగుపడింది. వరాలుకి రెండేళ్ళ కూతురు, చిట్టి. ఉద్యోగం లేదు, ఇంటిపట్టునే ఉంటుంది కాబట్టి ఊరికే కూర్చుంటుందని అందరి నమ్మకం. రోజంతా ఇంట్లో ఏం చేస్తావే అని ఓసారి సుభద్రమ్మ అడిగింది. అడిగింది కదా అని వరాలు చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున్నే పాలు పట్టడం, పాలు ఒలికితే తుడవడం, తుడిచిన గుడ్డ చిట్టి నోట్లో పెట్టుకుంటే లాక్కోవడం, లాక్కున్నందుకు ఏడిస్తే ఎత్తుకోవడం, ఎత్తుకుంటే దిగుతానంటే దింపడం, దింపితే మళ్ళీ పాల దగ్గరికే పోవడం. ఇలా పొద్దున్న పదకొండింటి దాకా జరిగేది చెప్పేసరికి దీపాలు పెట్టే వేళయింది. రెండిళ్ళలోనూ కూరలు మాడిపోయాయి. మిగతాది రేపు చెప్తానంది వరాలు. సుభద్రమ్మ మర్నాడు గడప దాటితే ఒట్టు.

నిజం చెప్పాలంటే, వరాలు కుదురుగా కూర్చుని అన్నం తిని రెండేళ్ళయింది. చిట్టి వెనకాల తిరుగుతూ తినడం, చిట్టి వదిలేసింది తినడం, నిలబడి తినడం, తిన్నానో లేదో గుర్తులేక ఊరుకోవడం. ఇది చాలదన్నట్టు నాలుగు రోజుల్నించి దవడ పన్ను సలపరం. పళ్ళ డాక్టరు చూసి, ఇది జ్ఞానదంతం, పీకేయాలి అన్నాడు. ఇంట్లో పండగ చేసుకున్నారు. జ్ఞానం ఎక్కువై నొప్పి పుడుతోందంటే మాటలా అని భద్రయ్య ఎదురైనవాళ్ళందరికీ చెప్పాడు.

శనివారం పొద్దున్నే నాగేశం పెళ్ళాన్ని తీసుకెళ్ళి పన్ను పీకించుకొచ్చాడు. జ్ఞానం డాక్టరు దగ్గరే ఉండిపోతే కష్టమని, ఆ పన్నుని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు కూడా. డాక్టరు వరాలుతో, ఇంటికెళ్ళాక గడియారం చూసుకుని గంటసేపు దూది కరిచిపెట్టి ఉంచమనీ, నోరు తెరవొద్దనీ, గంట అయ్యాక దూది తీసి మెత్తగా కలుపుకుని అన్నం తినమనీ చెప్పాడు. ఆ చివరి మాట వరాలుకి అమృతంలా వినిపించింది. అత్తగారు సూరమ్మ కూడా చాలా మంచిగా, ఇవాళ పిల్ల పని మాదేనంది.

"నువ్వీ కుర్చీలో కూర్చో. నేను లేవమనేదాకా లేవకు. గంటయ్యాక నీకు కంచం నేనే తెచ్చి పెడతాను," అంది సూరమ్మ.

వరాలు కళ్ళు చెమర్చాయి. కుర్చీలో కూర్చుని గోడ గడియారం వైపు చూసింది. పదకొండూ పది. పన్నెండూ పదికి కంచం. ఆ గడియారం సెల్లు ముందురోజు చిట్టి ఏడుస్తుంటే ఆడుకోమని వరాలే తీసి ఇచ్చింది. గడియారం ఇవ్వలేదు కదా, గడియారం గోడకే ఉంది కదా అని ఆవిడ ధైర్యం.

నోరు తెరవకూడదు కాబట్టి, చిట్టికి ఏమేం చెయ్యాలో క్యాలెండరు కాగితం వెనక రాసి ఇచ్చింది. పప్పన్నంలో నెయ్యి వేసి మెత్తగా కలపాలి. ఇది నాన్న ముద్ద, ఇది తాత ముద్ద, ఇది మామ్మ ముద్ద, ఇది కాకి ముద్ద, ఇది బస్సు డ్రైవరు ముద్ద, ఇది అత్త ముద్ద అంటూ పెట్టాలి. గిన్నె ఖాళీ అయ్యేదాకా వదలకూడదు. తర్వాత ఉయ్యాల ఊపుతూ జోల పాడాలి. పడుకోకపోతే బూచాడొస్తాడని చెప్పాలి. అంతే.

నాగేశం కాగితం చదివాడు. ఓస్ ఇంతేనా అన్నాడు. గిన్నెలో అన్నం కలిపి, చిట్టిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. చిట్టి నోరు తెరిచింది. నాన్న ముద్ద అన్నాడు నాగేశం. నాన్న తానే కదా, తాను తిన్నాడు. తాత ముద్ద అన్నాడు, భద్రయ్య ముందుకు వంగి నోరు తెరిచి పుచ్చుకున్నాడు. ఉప్పు సరిపోయిందన్నాడు. చిట్టి ఇంకా నోరు తెరిచే ఉంది. మామ్మ ముద్ద దగ్గర చిక్కొచ్చింది. శనివారం సూరమ్మ ఉపవాసం, అన్నం ముట్టదు. మామ్మ ముద్ద మామ్మ తినకపోతే ఇంకెవరు తింటారు? బాగా ఆలోచించి, ఆ ముద్దని పళ్ళెంలో పెట్టి, మూతపెట్టి, ఆదివారం తినడానికి అలమరలో దాచారు.

కాకి ముద్ద మరీ కష్టమైంది. కాకి ఇంట్లో లేదు. భద్రయ్య నిచ్చెనేసుకుని పెంకుల మీదికి ఎక్కి కావుకావుమన్నాడు. ఆయన గొంతు విని ఉన్న కాకులు కూడా ఎగిరిపోయాయి. ఇంకేముంది, ముద్దని పెంకు మీద పెట్టి, దిగడం చేతకాక పెంకులు పట్టుకుని వేలాడుతుంటే, నాలుగు పెంకులతో సహా ఆయన గడ్డిమేటు మీద పడ్డాడు. దెబ్బ తగల్లేదు. వెంటనే కాకి వచ్చి ముద్ద ఎత్తుకుపోయింది. చూశారా, పని అయింది అన్నాడు భద్రయ్య గడ్డి దులుపుకుంటూ.

ఇంతలో బస్సు హారను వినిపించింది. పన్నెండున్నర బస్సు అది. నాగేశం గడియారం చూసి, ఇవాళ బస్సు గంటకి పైగా ముందే వచ్చేసిందని ఆశ్చర్యపోతూ, గిన్నె పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తి చేతులడ్డం పెట్టాడు. డ్రైవరు బ్రేకు వేసి తల బయట పెట్టాడు. పెట్టాడు కదా అని నాగేశం ముద్ద నోట్లో పెట్టేశాడు. డ్రైవరు మింగాక గానీ ఏమిటిదని అడగలేకపోయాడు. మీ ముద్దేనండీ, రోజూ మా ఇంట్లో ఉంటుంది అన్నాడు నాగేశం. ఇక మిగిలింది అత్త ముద్ద. అత్త అంటే నాగేశం అక్క, నాలుగు ఊళ్ళ అవతల ఉంటుంది. అంతే, నాగేశం ఆ గిన్నెతోనే బస్సెక్కి వెళ్ళిపోయాడు.

సూరమ్మ కోడలి దగ్గరికొచ్చి, చేతులు కడుక్కున్నంత తృప్తిగా, అన్నీ నువ్వు రాసినట్టే పెట్టామమ్మా, అత్త ముద్ద కూడా బస్సెక్కింది, ఇక గిన్నె ఖాళీ అయినట్టే అంది.

వరాలు వీధి గుమ్మానికి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఇదంతా చూసింది. చూసి సిగ్గుతో చచ్చిపోయింది. రెండేళ్ళుగా నాన్న ముద్దా తాత ముద్దా కాకి ముద్దా అని పేర్లు చెప్పి, అందరి ముద్దలూ తను చిట్టికే పెట్టేస్తోంది. రోజూ ఆ డ్రైవరు ఎంత ఆకలితో బస్సు నడిపాడో అనుకుంటే ఆవిడకి దుఃఖం వచ్చింది. కానీ చిట్టి గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ దుఃఖం కూడా నిలవలేదు. పిల్ల ఏడుపుల్లో ఏది అలకో, ఏది నిద్రో, ఏది ఆకలో తల్లికి తెలుస్తుంది. ఇది ఆకలి. ఒక్క మాట చెప్తే చాలు. గడియారం చూసింది. పదకొండూ పది. ఇంకా పూర్తిగా గంట ఉంది. పళ్ళు బిగించి దూది కరిచిపెట్టి, ఒళ్ళో చేతులు నలుపుకుంటూ కూర్చుంది.

తర్వాత ఉయ్యాల. ఉయ్యాల ఊపమని రాసి ఉంది, అందులో ఎవరినో వెయ్యమని రాసి లేదు. భద్రయ్య ఉత్త ఉయ్యాల ఊపాడు, సూరమ్మ జోల పాడింది. ఇద్దరికీ హాయిగా నిద్రొచ్చింది. చిట్టి కాసేపు ఏడ్చి, ఎవరూ పట్టించుకోకపోతే గదిలోకి పోయింది. ఏడుపు ఆగింది. వరాలు గది వైపు చెవి పెట్టింది. పిల్ల ఏడుస్తున్నంతసేపూ భయం లేదు, చప్పుడు లేకపోతేనే ఏదో కొంప మునుగుతున్నట్టు. లేవబోయింది. అత్తగారు లేవమనలేదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది. గదిలో ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. నేను చెప్తాను. చిట్టి కాటుక భరిణె తీసి, బుగ్గలకీ నుదుటికీ ముక్కుకీ చెవులకీ, ఆఖరికి పొట్టకీ, ఉన్న కాటుకంతా పూసుకుంది.

కునుకు తీసి లేచిన సూరమ్మ ఉయ్యాలలోకి తొంగిచూసింది. పిల్ల పడుకోలేదు. కాగితంలో ఉన్నట్టే, పడుకోకపోతే బూచాడొస్తాడే చిట్టీ అని ఉయ్యాలకి చెప్పింది. ఉయ్యాల పలకలేదు. పిల్ల పడుకోలేదు కాబట్టి ఇక బూచాడు రావడం ఖాయమని భద్రయ్యకి అర్థమైంది. కోడలు అబద్ధం రాయదు కదా. ఆయనకి వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఎప్పుడొస్తాడో కూడా కోడలికి తెలుసంటే, వాళ్ళ పుట్టింటి తరఫు చుట్టమై ఉంటాడు.

"అమ్మా, ఈ బూచాడుగారు మీ వైపు వాళ్ళేనా?" అని అడిగాడు.

వరాలు నోరు విప్పలేదు. కాదనలేదు కాబట్టి ఔననే అర్థం. ఇంకేముంది, వియ్యాలవారి వైపు మనిషి భోజనాల వేళకి వస్తుంటే ఇంట్లో మెతుకు లేదు. సూరమ్మ పరుగున పొయ్యి వెలిగించింది. పప్పూ అన్నం వండి, పెరట్లోంచి అరిటాకు కోసుకొచ్చి, పీట వేసి, విస్తరి నిండా వడ్డించి, నెయ్యి పోసింది. ఇద్దరూ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు. నెయ్యి వాసన ఇల్లంతా కమ్ముకుంది. కుర్చీలో వరాలుకి కళ్ళు తిరిగాయి. నాలుగు రోజుల ఆకలి ఒక్కసారిగా కడుపులో లేచి కూర్చుంది. గడియారం పదకొండూ పది.

అప్పుడు గదిలోంచి బూచాడు వచ్చాడు. నల్లటి మొహం, మధ్యలో రెండు కళ్ళు, మూరెడు ఎత్తు. తిన్నగా వచ్చి పీట మీద కూర్చుని, రెండు చేతులా అన్నం తీసుకుని తినడం మొదలుపెట్టాడు. బూచాడంటే ఎంతవాడో అనుకున్నాం, పసివాడే పాపం అని భద్రయ్య జాలిపడ్డాడు. మారు వడ్డించమంటారా అని సూరమ్మ మర్యాదగా అడిగింది. వరాలుకి మాత్రం ఎక్కడో చూసిన మొహంలా అనిపించింది. ఆ తినడం చూస్తుంటే ఎందుకో కడుపు నిండినట్టయింది.

సగం తిన్నాక బూచాడు ఆగాడు. అన్నంలో చెయ్యి పెట్టి, నొక్కి నొక్కి ఓ ముద్ద చేశాడు. సగం వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. మిగిలినది పట్టుకుని తప్పటడుగులతో కుర్చీ దగ్గరికి వచ్చి, చెయ్యి పైకెత్తాడు.

"అమ్మ ముద్ద," అన్నాడు.

వరాలు ఆ చేతి వైపే చూసింది. నాన్న ముద్ద ఉంది, కాకి ముద్ద ఉంది, బస్సు డ్రైవరుకి కూడా ఉంది. అమ్మ ముద్ద అనే మాట ఈ ఇంట్లో ఇప్పటిదాకా ఎవరికీ తట్టలేదు, రోజూ కలిపి పెట్టే తనకీ తట్టలేదు. ఊరూ పేరూ తెలియని బూచాడికి తట్టింది. గడియారం వైపు చూడబోయి, చూడలేదు. ఇంటి పరువు పోతే పోయిందని దూది తీసేసి నోరు తెరిచింది. ముద్ద చల్లారిపోయింది, కాటుక చేదు తగిలింది. అయినా అంత రుచైన అన్నం పెళ్ళయ్యాక తినలేదు. కళ్ళ నీళ్ళు కారుతుంటే కారనిచ్చి, కుదురుగా కూర్చుని, మెల్లగా నమిలి మింగింది. బూచాడు మళ్ళీ వెళ్ళి ఇంకో ముద్ద తెచ్చాడు. అలా కడుపు నిండేదాకా తెస్తూనే ఉన్నాడు.

గంట కాకుండానే నోరు తెరిచావేమమ్మా అని భద్రయ్య నొచ్చుకున్నాడు. అప్పుడే అక్క ఇంటి నుంచి నాగేశం తిరిగొచ్చాడు. అత్త ముద్ద అత్త తిందనీ, చిట్టి బాగా తింటోందా అని అడిగిందనీ చెప్పాడు.

వరాలు ఉలిక్కిపడింది. "అవునండీ, మరి మన చిట్టి ఏదీ?" అంది.

సూరమ్మ కోడల్ని ఇక లేవమంది. నలుగురూ ఇల్లంతా వెతికారు. ఉయ్యాలలో లేదు, గదిలో లేదు, గాదె వెనక లేదు. పీట మీద నెయ్యి నాకుతున్న బూచాడు తప్ప ఇంట్లో ఇంకో పిల్లే లేదు. ఈ బూచాడు కాస్త మన చిట్టిలా ఉన్నాడే అన్నాడు నాగేశం. వరాలుకీ ఒక్క క్షణం అలాగే అనిపించింది. కానీ తన తెలివిని తాను మోసం చేసుకోలేకపోయింది. మన చిట్టి అయితే ఆరుగురి పేర్లు చెప్పందే మెతుకు ముట్టదు. ఈయన ఎవరి పేరూ చెప్పకుండా తనంత తానే తిన్నాడు, పైగా ఇంకొకళ్ళకి పెట్టాడు. రెండేళ్ళుగా అన్నం పెడుతున్న తల్లిని, నాకు తెలీదా అంది. ఆ మాటతో అందరూ ఒప్పుకున్నారు.

వరాలుకి ఏడుపు ముంచుకొచ్చింది. భద్రయ్య గోడ గడియారం చూసి ధైర్యం చెప్పాడు.

"కంగారుపడకమ్మా. నువ్వొచ్చి ఇంకా నిమిషం కూడా కాలేదు, పదకొండూ పదే. రెండేళ్ళ పిల్ల ఎంత దూరం పోతుంది?"

అంతే, నలుగురూ వీధిలో పడ్డారు. వచ్చిన చుట్టాన్ని ఇంట్లో ఒంటరిగా వదలడం మర్యాద కాదని వరాలు బూచాడిని చంకనేసుకుంది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా, చిట్టీ చిట్టీ అని గొంతు చించుకుని పిలిచారు. పిలిచినప్పుడల్లా చంకలోంచి "ఆఁ" అని బూచాడు పలుకుతూనే ఉన్నాడు.

"మిమ్మల్ని కాదండీ," అని వరాలు ఆయన మూతి కొంగుతో తుడిచి, పక్క వీధిలోకి తిరిగింది.