తిరుపాలు బిగించిన నట్టు

తిరుపాలుకి కోపం వస్తే ముందు చేతుల్లోకి వస్తుంది, నోట్లోకి తర్వాత. ఆ పొద్దు రెండింట్లోకీ ఒకేసారి వచ్చింది.

గుత్తిలో రవూఫ్ ఉస్తాద్ షెడ్డు ముందు పికప్ ఆపి, తలుపు విరిగేలా వేసి, వెనక తగిలించిన ట్రైలరును చూపించాడు.

"కింద దూరి చూడండి ఉస్తాద్. మీ పెద్ద శిష్యుడు నాకేం అంటగట్టినాడో మీ కళ్లతోనే చూడండి."

ఆ గొంతు వీధి చివరి దాకా వినపడింది.

అది కార్లను ఎక్కించుకుని పోయే ట్రైలరు. అల్యూమినియంది, రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. బెంగళూరు దారిలో ఆగిపోయిన కార్లను తెచ్చి షెడ్లకు చేర్చడం తిరుపాలు పని. ఇన్నేళ్లూ ఇంకొకరి బండి మీద జీతానికి చేశాడు. తనదంటూ కొనుక్కున్న మొదటి బండి ఇదే, ఉన్నదంతా ఊడ్చిపెట్టి కొన్నది. సెకండ్‌హ్యాండుదే. అమ్మినవాడు హిందూపురంలో యార్డు నడిపే ఓబులేసు.

ఓబులేసూ తిరుపాలూ ఇద్దరూ రవూఫ్ ఉస్తాద్ చేతి కిందే పని నేర్చుకున్నారు. ఓబులేసు పెద్దవాడు. తిరుపాలుకి స్పానరు పట్టుకోవడం మొదట చూపించింది అతనే. అందుకే కొనేనాడు తిరుపాలు ట్రైలరు కిందికి దూరలేదు. ఆ షెడ్డులో పెరిగినవాళ్లకు అదొక పట్టింపు. బయటివాడి బండి అయితే నేల మీద వెల్లకిలా పడుకుని నట్టు నట్టూ తడిమి చూస్తారు. ఒకే ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవాడు అమ్ముతుంటే మటుకు కిందికి దూరరు. దూరితే మొహాన ఉమ్మినట్టే లెక్క. చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు నొక్కి, చేతులు కలిపి వచ్చేస్తారు.

ఇలాంటి మర్యాదలు మోసగాళ్లకు ఎంత బాగా పనికొస్తాయో నేను చెప్పక్కర్లేదు.

పైగా అది ఇనుము కాదు. ఇనుముకి జబ్బు చేస్తే తుప్పై బయటపడుతుంది. అల్యూమినియం పగిలినా తళతళలాడుతూనే ఉంటుంది. బట్టల సోడా తగిలితే నల్లబడుతుందని విని, తిరుపాలు దాన్ని ఒట్టి నీళ్లతో, మెత్తటి గుడ్డతో కడిగేవాడు. పిల్లలకు ఏనాడైనా అంత బాగా తలంటాడా అని పెళ్లాం ఎగతాళి చేసేది. ఆ కడుగుడులోనే ఒకరోజు, కింద అడ్డంగా పోయే చానెల్ మీది నుంచి ఒక పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. లప్పం. గోడలకూ, సొట్ట పడ్డ కారు డోర్లకూ పూసే లప్పం. పైన వెండి రంగు కొట్టి ఉంది. దాని కింద చానెల్ జానెడు మేర పగిలి ఉంది.

కారు బరువంతా మోసేది ఆ చానెలే. కారును ఎక్కించుకుని ఏ దిగుడులోనో పోతున్నప్పుడు అది విరిగితే ఏమవుతుంది? వెనక స్కూటరు మీద ఎవరో మొగుడూ పెళ్లాం వస్తూ ఉంటారు. లప్పం పూసే చేతికి ఆ స్కూటరు కనపడదు. అట్లాంటి చేతులంటే నాకు ఒళ్లు మంట. ఈ కథ చెప్తున్నప్పుడు కూడా తగ్గలేదు.

రవూఫ్ ఉస్తాద్ డెబ్బై దాటిన మనిషి. గురువారం గురువారం దర్గాలో దీపం పెట్టి వస్తాడు, మిగతా దినాలు ఇరుసుల మధ్యే గడుపుతాడు. మాటలు తక్కువ. తప్పు చేస్తే తిట్టడు, తప్పు చేసినవాడి చేతనే విప్పించి మళ్లీ బిగించమంటాడు. తిట్టించుకోవడమే నయం అనిపిస్తుందని శిష్యులు చెప్పుకుంటారు.

ఆయన తువ్వాలు పరుచుకుని ట్రైలరు కిందికి దూరాడు. పగులు మీద గోరు పెట్టి, ఆ కొస నుంచి ఈ కొస దాకా లాగి చూశాడు. బయటికి వచ్చాక బట్టలకు అంటిన దుమ్ము కూడా దులుపుకోలేదు.

"తెలిసి చేసిన పనే," అన్నాడు.

"చాలు ఉస్తాద్. ఆ మాటే హిందూపురం వచ్చి నలుగురిలో అనండి. ఓబులేసు నా శిష్యుడు కాదని ఒక్క మాట చెప్పండి. ఈ ట్రైలరు వాని యార్డు ముందర పడేసి వస్తా. ఆ పైన వాడు ఎట్ల బతుకుతాడో నేనూ చూస్తా."

ఆ ఒక్క మాటకు ఎంత బరువుందో ఇద్దరికీ తెలుసు. అటు బళ్లారి నుంచి ఇటు కదిరి దాకా బండ్లవాళ్లు ఓబులేసు యార్డును వెతుక్కుంటూ వచ్చేది రవూఫ్ ఉస్తాద్ శిష్యుడన్న పేరు మీదే. ఆ పేరు తీసేస్తే యార్డుకు తాళం పడుతుంది.

ఉస్తాద్ ఔననలేదు, కాదనలేదు. తువ్వాలు భుజాన వేసుకుని పికప్ ఎక్కి కూర్చున్నాడు. తిరుపాలు దాన్ని ఔననే అనుకున్నాడు.

దారి పొడుగునా తిట్టాడు. గేరు మార్చినప్పుడల్లా ఒక తిట్టు. ఓబులేసు నవ్వును తిట్టాడు, మీసాన్ని తిట్టాడు, ట్రైలరు కొన్న రోజు హోటలుకు తీసుకుపోయి తినిపించిన బిర్యానీని కూడా వదల్లేదు. మధ్యలో ఫోను మోగింది. గోరంట్ల దగ్గర కారు ఆగిపోయిందట, ట్రైలరు పంపమని అడుగుతున్నారు.

"ఇప్పుడు బండి లేదన్నా. వేరేవాళ్లను చూసుకోండి," అని చెప్పి ఫోనును సీటు మీదికి విసిరాడు. "చూస్తిరా ఉస్తాద్? ఇంట్లో పొయ్యిలో నీళ్లు పోసినాడు ఆ దొంగ."

ఉస్తాద్ ఆ ఫోను తీసి అద్దం ముందర పెట్టాడు. తిరుపాలు ఆగలేదు.

"లప్పం ఊడిన దినమే నాలుగు చక్రాలూ విప్పినా. ఒక కాడ మోసం చేసినోడు అన్ని కాడలా చేసే ఉంటాడు కదా. బేరింగులన్నీ పీకేసి కొత్తవి వేసినా."

"పాతవి ఎట్ల ఉండె?"

"చూళ్లేదు. కంపల్లోకి విసిరేసినా."

ఉస్తాద్ కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

అనంతపురం దాటాక ఒక టీ అంగడి దగ్గర ఆపమన్నాడు. దిగి, టీ చెప్పి, అది వచ్చేలోపే ట్రైలరు దగ్గరికి పోయాడు. ట్రైలర్లు లాగేవాళ్లు ఆగిన ప్రతి చోటా చేసే పని ఒకటుంది. వేళ్ల వెనక వైపును ఒక్కో చక్రం నడిమధ్య ఉండే హబ్బుకు ఆనించి చూస్తారు. లోపల బేరింగు సుఖంగా ఉంటే హబ్బు గోరువెచ్చగా ఉంటుంది. లేకపోతే కాలుతుంది. తిరుపాలు మామూలుగా మర్చిపోయేవాడు కాదు. ఆ రోజు తిట్లలో పడి మర్చిపోయాడు.

ఉస్తాద్ మొదటి మూడు చక్రాల దగ్గరా కనుబొమలు ముడిచాడు. నాలుగోదానికి వేళ్లు ఆనీ ఆనకముందే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇట్ల రా."

తిరుపాలు వచ్చి చెయ్యి పెట్టాడు. చుర్రుమంది. ఆ వెంటనే అతని మొహం వెలిగిపోయింది. కోపంలో ఉన్నవాడికి ఇంకో సాక్ష్యం దొరికితే అదొక పండగ.

"చూడండి. ఇది కూడా. ఇరుసు కూడా వంకరదే ఇచ్చినాడు. ఇంకో పది మైళ్లు పోయింటే చక్రం ఊడి మన ముందరే దొర్లిపోయేది. ఈ మాట కూడా నలుగురిలో చెప్పండి."

"తెరువు," అన్నాడు ఉస్తాద్.

జాకీ పెట్టి లేపి చక్రం తీశాడు తిరుపాలు. హబ్బు మూత ఊడదీయగానే మాడిన వాసన కొట్టింది. గ్రీజు నల్లగా కరిగి కారింది. నట్టు కదలకుండా పెట్టే పిన్ను లాగి, స్పానరు తగిలించి తిప్పితే నట్టు కదల్లేదు. స్పానరుకు పైపు తొడిగి మనిషి మనిషంతా వేలాడాడు. అప్పుడూ కదల్లేదు. తిరుపాలు నట్టును తిట్టాడు, దాంతో పాటు ఓబులేసు అమ్మానాన్నలనూ కలిపాడు. చివరికి టీ అంగడి ఆయన కూడా వచ్చి పైపు పట్టుకుంటే, నట్టు కీచుమని వదిలింది.

బేరింగు వేడికి నీలం తిరిగి ఉంది. ఉస్తాద్ దాన్ని తువ్వాలుతో పట్టుకుని తిరుపాలు కళ్ల ముందు పెట్టాడు.

"ఇది ఓబులేసు వేసిందా?"

తిరుపాలు పైపు కింద పడేశాడు.

"నేను వేసిందే ఉస్తాద్."

"ఆ పొద్దు ముందుగా వేసింది ఈ చక్రమేనా?"

"ఇదే. తక్కినవి వేసేటప్పటికి చేతులు నొప్పి పుట్టె."

"నట్టు అంత గట్టిగా బిగించేటప్పుడు నీ చేతిలో ఉన్నది ఎవరి మెడ?"

టీ అంగడి ఆయన నవ్వబోయాడు. తిరుపాలు మొహం చూసి లోపలికి పోయాడు.

అంత మాట పడ్డా తిరుపాలుకి కోపం పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియక ఉస్తాద్ మీదికే తిరిగింది.

"అయితే తప్పంతా నాదే అంటారా? పగులు నేను పెట్టినానా? లప్పం నేను పూసినానా? మోసపోయిందీ నేనే, నడిరోడ్డు మీద మాట పడేదీ నేనేనా?"

"పగులు వానిదే. లప్పమూ వానిదే," అన్నాడు ఉస్తాద్. తువ్వాలులోని బేరింగును తిరుపాలు చేతిలో పెట్టాడు. "ఇది నీది."

అది ఇంకా కాలుతూనే ఉంది. తిరుపాలు కింద పెట్టలేదు, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

డబ్బాలో అదనంగా ఒక బేరింగు ఉంది. ట్రైలరున్నవాడు అది లేకుండా బయల్దేరడు. తిరుపాలు అరచేతిలో గ్రీజు వేసుకుని, బేరింగు సందులన్నీ నిండేదాకా ఒత్తాడు. హబ్బులో కూర్చోబెట్టి, ఇరుసుకు ఎక్కించి, నట్టు తిప్పాడు. అలవాటు కొద్దీ పైపు అందుకోబోతే, ఉస్తాద్ దాని మీద కాలు వేసి నిలబడ్డాడు.

"పైపు వద్దు."

ఒట్టి స్పానరుతో బిగించాడు.

"తిప్పు."

హబ్బు బరువుగా కదిలి ఆగింది.

"ఇప్పుడు వెనక్కి. రోంత."

తిరుపాలు కోపంగానే కొంచెం వెనక్కి తిప్పాడు.

"పట్టుకుని ఊపు."

ఊపితే కటకటలాడింది.

"అది ఎక్కువైంది. ముందుకు."

అలా ముందుకూ వెనక్కూ చేయిస్తూనే ఉన్నాడు. స్పానరు మీద తిరుపాలు వేళ్లు మెల్లమెల్లగా సడలాయి. చివరికి ఒకసారి ఊపితే హబ్బు కదల్లేదు, తిప్పితే తిరిగింది. చెయ్యి తీసేసినా చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. అది ఆగేదాకా తిరుపాలు గొంతుక్కూర్చుని చూశాడు.

"పిన్ను పెట్టు," అన్నాడు ఉస్తాద్. తక్కిన మూడు చక్రాలూ అతని చేతనే విప్పించి, అలాగే చేయించాడు. వాళ్ల టీలు మళ్లీ కాయించాల్సి వచ్చింది.

తర్వాత దారిలో గేరు మారింది కానీ తిట్టు వినపడలేదు. పెనుకొండ కొండ కనపడుతుండగా తిరుపాలు అడిగాడు.

"అయితే వాణ్ణి ఏమీ అనకుండా వదిలేయమంటారా ఉస్తాద్?"

"వదులుగా ఉంటే చక్రం ఊడిపోతుంది."

"మరి ఏం చేయల్ల?"

"బిగించు. తిరిగే సందు పెట్టి బిగించు."

హిందూపురంలో ఓబులేసు యార్డు నిండా జనం ఉన్నారు. ట్రైలరు గేటులోకి రాగానే ఓబులేసు నవ్వుతూ ఎదురొచ్చాడు. ముందు సీటులో ఉస్తాద్‌ను చూశాక ఆ నవ్వును ఏం చేసుకోవాలో అతనికి తెలియలేదు.

తిరుపాలు దిగాడు. పిడికిళ్లు బిగిసే ఉన్నాయి. వాటిని జేబుల్లో పెట్టుకున్నాడు.

"అన్నా, కింద చానెల్ పగిలుండాది. దాని మీద లప్పం నువ్వే పూసినావు. ఆ చానెల్ కోసేసి కొత్తది నువ్వే వెయ్యల్ల. అయ్యేదాకా నేను ఈడ్నే కూసుంటా."

"లప్పమా? నాకేం తెలుసప్పా, నేను కొన్నప్పుడే అట్ల..."

"అన్నా," అన్నాడు తిరుపాలు.

ఆ పిలుపు తప్ప ఇంకేమీ అనలేదు. పక్కకూ జరగలేదు. యార్డులో పనివాళ్లు సుత్తులు ఆపి చూస్తున్నారు. అబద్ధం సగంలో తెగిపోయాక దాన్ని మళ్లీ అతికించడం ఎంత లప్పం ఉన్నవాడికైనా కష్టమే. ఓబులేసు చూపు తిరుపాలు మీద నుంచి పికప్ మీదికి, అక్కడి నుంచి నేల మీదికి పోయింది.

"ఇది మామూలు వెల్డింగు కాదు. అల్యూమినియం చేసే మిషను తెప్పించల్ల. రేపటికి గానీ కాదు," అన్నాడు గొణుగుతూ.

"కానీలే. ఉంటా."

ఓబులేసు ట్రైలరు కింద పడుకుని, స్క్రూడ్రైవరుతో తన లప్పాన్ని తనే గీకడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి కింద నుంచి గొంతు వచ్చింది.

"ఉస్తాద్ దిగలేదేం రా?"

అది తిరుపాలుకీ అప్పుడే తట్టింది. పికప్ దగ్గరికి పోయాడు. ఉస్తాద్ ఎండలోనే కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఒక చెయ్యి ఇంకో చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. దవడ బిగుసుకుని ఉంది. ఇన్నేళ్లలో తిరుపాలు ఆయన్ను అట్లా చూడలేదు.

"దిగండి ఉస్తాద్. ఒప్పుకున్నాడు. పని మొదలుపెట్టినాడు."

"ఇప్పుడు వద్దు."

"మీ కోసం అడుగుతున్నాడు."

"ఆ చేతికి పని నేర్పింది నేను తిరుపాలూ. ఆ చేత్తోనే లప్పం పూసినాడు," అన్నాడు ఉస్తాద్. "ఇప్పుడు దిగితే, పొద్దున నువ్వు అడిగిన మాట అనేస్తా."

తిరుపాలు తలుపు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"పో, పోయి వానికి చానెల్ పట్టుకో. నా కోపం తగ్గినాక నేనే దిగుతా."