ఉస్తాదు జేబులో బెల్లం

నాంచారయ్య పెళ్ళికి ఇంకా పది రోజులుంది. నిశ్చితార్థం నాడు నలుగురి ముందూ రొమ్ము విరుచుకుని ఒక మాట అనేశాడు. "పెళ్ళికూతురికి కొన్న చీరెందుకండీ? నా చేత్తో అచ్చు వేసిన చీరే పెడతాను!"

పెళ్ళికూతురు మంగతాయారు తల వంచుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇక వెనక్కి తగ్గేదెక్కడ?

పెడనలో దావూద్ ఉస్తాదు దగ్గర ఆరేళ్ళుగా అద్దకం పని నేర్చుకుంటున్నాడు. చెయ్యి మంచిదే. ఒక అచ్చుకీ పక్క అచ్చుకీ మధ్య వెంట్రుక దూరదు. పటిక నీళ్ళు కలపడం ఒక్కటే ఉస్తాదు ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. జనం రాకముందే వచ్చి, ఒక్కడే కూర్చుని కలిపేసేవాడు. గుడ్డ మీద పటిక పడ్డచోటే ఎరుపు నిలుస్తుంది మరి. పడనిచోట మంజిష్ఠ వేరుతో ఎంతసేపు ఉడికించినా పట్టదు.

ఆయన జేబులో ఎప్పుడూ కాగితంలో చుట్టిన బెల్లంముక్క ఉండేది. నల్లరంగు కోసం ఇనుపముక్కలతో కలిపి బెల్లం నానేస్తారు. "ఆ కుండలో పడాల్సిన బెల్లం కాస్తా మా ఉస్తాదు పొట్టలో పడుతోంది" అని నాంచారయ్య ఊరంతా చెప్పి నవ్వించేవాడు. విని ముసలాయనా నవ్వేవాడు.

"నా చీరకి పటిక నేనే కలుపుకుంటాను, ఉస్తాదూ."

"కలుపుకో బేటా."

కలిపాడు. పటిక నీళ్ళు గుడ్డ మీద కంటికి ఆనవు కదా, అచ్చు కనపడాలని, ఉతికితే పోయే కచ్చారంగు చిటికెడు కూడా వేశాడు. ముందే అచ్చు వేసి ఉంచిన నల్లగీతల మధ్య పువ్వులు ఒక్కొక్కటే నిండుతుంటే మురిసిపోయాడు.

ఉస్తాదు వచ్చి చూశాడు. "నాలిక మీద వేసుకున్నావా?"

"భలేవారే! ఆరేళ్ళు చేసినవాణ్ణి, కళ్ళతో చూస్తే తెలీదా?"

ముసలాయన తల పంకించి తన పనిలోకి వెళ్ళిపోయాడు.

కచ్చారంగు కాలువలో మొదటి ఉతుకుకే పోయింది. అది మామూలే. ఆ తర్వాత చీరని మంజిష్ఠ వేరుతో రాగి కాగులో వేసి ఉడికించి తీశారు. గీతలు నల్లగా నిక్షేపంలా ఉన్నాయి. లోపల పువ్వులు మాత్రం జబ్బుపడి లేచినట్టు పాలిపోయి ఉన్నాయి.

నాంచారయ్య పరుగెత్తి పటిక కుండ వంచి చూశాడు. అడుగున కరగని గడ్డలు! కుండ పక్కనే చతికిలబడ్డాడు. "ఆ పిల్లకి మొహం ఎలా చూపించను, ఉస్తాదూ?" అని అంత మగాడూ వలవలా ఏడ్చాడు.

"రేపు పొద్దున్నే రా" అన్నాడు ఉస్తాదు, భుజం తట్టి.

మర్నాడు వచ్చేసరికి ముసలాయన కుండ ముందు కూర్చుని ఉన్నాడు. వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాడు. ముఖమంతా ముడుచుకుపోయింది. తల అడ్డంగా ఊపి, కలియబెట్టి, కాసేపాగి మళ్ళీ వేసుకున్నాడు. మూడోసారికి కళ్ళల్లోంచి నీళ్ళొచ్చాయి.

"ఇప్పుడు సరిపోయింది. వెయ్యి."

అని జేబులోంచి కాగితం తీసి, బెల్లం కొరుక్కుని చప్పరించాడు.

నాంచారయ్య అచ్చు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆరేళ్ళు ఆ బెల్లం మీద తాను వేసిన ఛలోక్తులన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

"చూస్తావేంట్రా, పెళ్ళి నాదా నీదా?" అని కసిరాడు ఉస్తాదు.

పాలిపోయిన పువ్వుల మీద ఒక్కటి కూడా తప్పిపోకుండా మళ్ళీ అచ్చు వేశాడు. ఈసారి కాగులోంచి తీస్తే పువ్వులు ఎర్రగా నవ్వుతూ వచ్చాయి. మంగతాయారు పీటల మీద ఆ చీరే కట్టుకుంది. "చీర బావుంది, పిల్ల ఇంకా బావుంది" అన్నాడు ఉస్తాదు, అక్షింతలు వేస్తూ.

పెళ్ళయ్యాక పనిలోకి వచ్చిన మొదటిరోజు, నాంచారయ్య ఉస్తాదు కంటే ముందొచ్చాడు. పటిక కలిపాడు. ఎవరూ చెప్పకుండానే వేలు ముంచి నాలిక మీద వేసుకున్నాడు. అమ్మో! నోరంతా బిగుసుకుపోయింది.

తల ఎత్తేసరికి గుమ్మంలో ఉస్తాదు. ఎంతసేపటినుంచి ఉన్నాడో.

వచ్చి పక్కన కూర్చున్నాడు. జేబులోంచి బెల్లంముక్క తీసి, రెండుగా విరిచి, పెద్దముక్క శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఇన్నేళ్ళూ ఒక్కణ్ణే తిన్నాను బేటా" అన్నాడు.