రెండు మేషాలు

“మేషం ఎక్కడ మొదలవుతుందో మన లెక్క ఒకటి చెబుతోంది, పక్క అగ్రహారం వారి లెక్క ఇంకొకటి చెబుతోంది. రెండూ శాస్త్రమే. అలాంటప్పుడు రెండింటిలోనూ మంచిది ఏరుకుంటే తప్పేమిటండీ?” అని పేరయ్య సిద్ధాంతిగారిని శిష్యుడు విస్సన్న అడిగాడు.

ప్రశ్న ఊరికే పుట్టలేదు. అరుగు మీద సింహాద్రి కూర్చుని ఉన్నాడు. అతని కూతురు వరహాలమ్మది మూలా నక్షత్రం. మూలలో పుట్టిన పిల్ల కోడలైతే మామగారికి గండమని లోకానికి భయం. ఆ భయంతోనే రెండు సంబంధాలు గుమ్మందాకా వచ్చి మళ్ళిపోయాయి. ఇప్పుడు మూడోవాళ్ళు జాతకం పంపమన్నారు. పిల్లవాడు నెమ్మదస్తుడు, పిల్లకీ నచ్చాడు. “ఇదీ తప్పిపోతే దాని మొకం నాను సూడలేను బాబూ,” అన్నాడు సింహాద్రి. విస్సన్నది జాలిగుండె. ఈ పెళ్ళి జరిపించి తీరాలని పంతం పట్టాడు.

ఆకాశంలో మేషం మొదలు ఇదీ అని ఎవరూ రాయి పాతలేదు. ఒక్కొక్క సంప్రదాయం ఒక్కొక్క చోట మొదలుపెడుతుంది. మొదలు జరిగితే చక్రమంతా జరుగుతుంది. పక్క అగ్రహారం వారి లెక్కన చంద్రుడు మూల దాటి పూర్వాషాఢలో పడ్డాడు. విస్సన్న పొంగిపోయాడు. కానీ ఆ లెక్కనే లగ్నం కూడా పక్క రాశికి జరిగి, కుజుడు ఎనిమిదో ఇంట్లోకి వచ్చి కూర్చున్నాడు. అది కుజదోషం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కుర్రవాడు తెలివైనవాడు కదా, చంద్రుణ్ణి వాళ్ళ లెక్కలోంచీ లగ్నాన్ని మన లెక్కలోంచీ తెచ్చి, ఏ దోషమూ లేని జాతకం వేశాడు. అంత నిర్దోషంగా పుట్టినవాళ్ళు భూమ్మీద లేరు.

సిద్ధాంతిగారు ఆ కాగితం చూసి, వాకిట్లో ఎండలోకి వెళ్ళి నిలబడ్డారు. ఆయన పొట్టి మనిషి, విస్సన్న తాటిచెట్టంత.

“పొద్దెంతయిందో చూడు. నా నీడ కొలువు, నీ అడుగులతో.”

“నా అడుగులతోనా? పెద్ద అడుగులకి మీ నీడ పొట్టిదవుతుంది, ఎక్కని పొద్దు ఎక్కినట్టు వస్తుంది. ఎవరి నీడ వాళ్ళ అడుగుతోనే కదండీ కొలవాలి.”

“ఎందుకూ? నీ అడుగూ అడుగే, నా నీడా నీడే.”

విస్సన్న లోపలికి పోయి, వేసిన జాతకం చింపేసి, తమ లెక్కతోనే మొదటినుంచీ వేశాడు. మూల మూలగానే వచ్చింది. రాస్తుంటే అతనికి కళ్ళనీళ్ళు ఆగలేదు. చేసిన పనికి సిగ్గుకన్నా ఆ పిల్ల గురించిన బాధే ఎక్కువగా ఉంది.

“ఇది చూస్తే వాళ్ళు సింహాద్రి గడప తొక్కరండీ,” అన్నాడు.

సిద్ధాంతిగారు జాతకం మడిచి రొంటిన దోపుకున్నారు. ఉత్తరీయం తలకి చుట్టుకుని, “పద సింహాద్రీ, నేనూ వస్తాను,” అని మెట్లు దిగారు. దిగి, శిష్యుడివైపు తిరిగారు.

“మా కోడలి జాతకం వేసింది నేనేరా. మూలే వచ్చింది. మూలనే రాసి, ఇంటికి తెచ్చుకున్నాను. పదహారేళ్ళయింది. ఆ మామగారు ఎలా ఉన్నాడో వాళ్ళకి చూపించి వస్తాను.”